పన్ను మాఫీ కోసం వెళ్లి పుస్తకాలు తెచ్చిన మఠాధిపతి

అందరికీ నమస్కారం.

927లో మూషే అనే క్రైస్తవ మఠాధిపతి ఈజిప్టు నుంచి బాగ్దాద్‌కు బయలుదేరాడు. ఆయన సొంతూరు నిసిబిస్, నేటి టర్కీలో ఉంది. మఠం ఉన్నది నేటి కైరోకు వాయవ్యాన, వాదీ నత్రూన్ ఎడారిలో. పేరు దైర్ అల్ సుర్యాన్, అంటే సిరియా వాళ్ల మఠం.

ఆయన వెళ్లింది పన్ను గొడవ మీద. సన్యాసులు కూడా జిజియా, అంటే ముస్లిమేతరుల మీద వేసే తలపన్ను, కట్టాల్సిందేనని అధికారులు పట్టుబట్టారు. సంపాదనే లేనివాళ్లు ఎక్కడి నుంచి తెచ్చి కడతారు? అందుకే బాగ్దాద్‌లోని అబ్బాసీ ఖలీఫా అల్ ముక్తదిర్‌కే మొర పెట్టుకున్నారు. మాఫీ దొరికింది.

పని అయిపోయింది కదా అని మూషే ఊరుకోలేదు. దారి పొడవునా సిరియాక్ భాషలోని, అంటే ఆ ప్రాంతపు క్రైస్తవులు వాడిన ఒక రకం అరామిక్‌లోని, రాతప్రతులు సేకరించాడు. 932లో మఠానికి తిరిగొచ్చేసరికి ఆయన వెంట 250 పుస్తకాలున్నాయి! అచ్చుయంత్రం లేని కాలం. తోలు పత్రాల మీద ఒక్కో అక్షరం చేత్తో రాసిన పుస్తకాలు. అన్ని వందల మైళ్లు అవెలా మోసుకొచ్చారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

వాదీ నత్రూన్ పొడిగాలికి అవి చెడిపోకుండా నిలిచాయి. అక్కడి నుంచి బయటికొచ్చిన ప్రతుల్లో ఒకటి 411 నవంబరులో ఎడెస్సాలో, అంటే నేటి టర్కీలోని ఉర్ఫాలో, రాసింది. తేదీ వేసి ఉన్న సిరియాక్ ప్రతుల్లో ఇంతకంటే పాతది లేదు. తొలినాటి క్రైస్తవ చరిత్రకారుడు యూసేబియస్ గ్రీకులో రాసిన ఒక గ్రంథం మూలం పోయింది, కొన్ని ముక్కలే మిగిలాయి. దాని పూర్తి పాఠం ఈ సిరియాక్ ప్రతిలోనే ఉంది.

మఠాలంటే లోకానికి తలుపులు మూసుకున్న చోట్లు అనుకోకండి. అదే శతాబ్దంలో, ఈజిప్టును ఏలిన ఫాతిమీ వంశపు ఖలీఫా గ్రంథాలయం చూసుకునే అల్ షాబుష్తీ అనే ముస్లిం పండితుడు మఠాల మీదే ఒక పుస్తకం రాశాడు. తోటలు, పండుగలు, ద్రాక్షసారా, అక్కడికి షికారు వెళ్లిన అబ్బాసీ ఖలీఫాలు, వాళ్ల కవులు కట్టిన పద్యాలు, అన్నీ అందులో ఉన్నాయి. పన్ను వేసిందీ, పండక్కి వచ్చి కూర్చుందీ ఒకే రాజ్యం. రెండూ నిజమే. ఒకదాన్ని దాచి రెండోది చెబితే చరిత్రకు అన్యాయం చేసినట్టే.

18, 19 శతాబ్దాల్లో ఆ రాతప్రతుల్లో చాలావాటిని వాటికన్‌కు, లండన్‌కు తీసుకెళ్లారు. 411 నాటి ప్రతి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దాని చివరి పుట ముక్కలు మాత్రం మఠంలోనే ఉండిపోయాయి. ఒక పాత నేల కింద తర్వాతెప్పుడో బయటపడ్డాయి. వాటి మీద ఉన్నవి, పర్షియాలో విశ్వాసం కోసం చనిపోయినవాళ్ల పేర్లు.