జీతం లేని ఓడ పని

శ్రోతలకు నమస్కారం. పాలమూరు, నల్లగొండల నుంచి మనవాళ్లు పనికి పోని చోటు లేదు. ప్రాజెక్టుల మట్టి పనికి, బొంబాయికి, గల్ఫ్‌కు. ఎక్కడికి పోయినా ఇంటికి నాలుగు పైసలు పంపడానికే. అందుకే దేవరకొండ దగ్గర మా బంధువుల పిల్లవాడు డౌలోస్ అనే ఓడలో పనికి పోతానంటే, "జీతమెంత బిడ్డా?" అని వాళ్లమ్మ అడిగింది. "జీతం ఉండదమ్మా. నా ఖర్చు చర్చివాళ్లు చందా వేసుకుని కడతారు" అన్నాడు. ఆమెకు చాలా రోజులు మింగుడుపడలేదు.

డౌలోస్‌ను 1914లో అమెరికాలో సరుకుల ఓడగా కట్టారు. టైటానిక్ మునిగి అప్పటికి రెండేళ్లు. పేర్లు మారి, చేతులు మారి, 1977లో ఆపరేషన్ మొబిలైజేషన్ అనే క్రైస్తవ సంస్థ చేతికి వచ్చింది. వాళ్లు దాన్ని పుస్తకాల ఓడ చేశారు. రేవులో ఆగితే జనం పైకెక్కి పుస్తకాలు కొనుక్కునేవాళ్లు. ఓడలో నలభైకి పైగా దేశాలవాళ్లు, మూడు వందల మందికి పైనే ఉండేవాళ్లు. కెప్టెన్‌కు కూడా జీతం ఉండేది కాదు. నాకు అన్నిటికంటే గొప్పగా తోచింది అదే.

మనవాడు నాగార్జునసాగర్ నీళ్లు తప్ప పెద్ద నీళ్లు చూసినవాడు కాదు. మొదట్లో వాంతులతో మంచం దిగలేదు. కిటికీ లేని చిన్న గది, ఒకదాని మీద ఒకటి మంచాలు. తేరుకున్నాక అతనికిచ్చిన పని తుప్పు తీయడం. చిన్న సుత్తితో కొట్టి పెళ్లలు రాల్చాలి, ఇనుప బ్రష్‌తో రుద్దాలి, ప్రైమర్ వేయాలి, ఆపైన పెయింట్. ఉప్పు గాలికి ఇనుము ఆగదు. ఈ చివర పూర్తయ్యేసరికి ఆ చివర మళ్లీ మొదలు. బియ్యం కడిగేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, ఇంజన్ గదిలో చెమటోడ్చేవాళ్లు, పుస్తకాలమ్మేవాళ్లు, అందరూ ఒక్క భోజనాల గదిలోనే కూర్చునేవాళ్లు. ప్రమాదం వస్తే ఏం చేయాలో అలవాటు చేయడానికి అప్పుడప్పుడు డ్రిల్ ఉండేది. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినపడితే చేతిలో పని వదిలేసి లైఫ్ జాకెట్‌తో పరుగెత్తాలి. మొదటిసారి అతనికి ఎంత టెన్షనో!

2010 నుంచి వచ్చే భద్రతా నిబంధనలకు తగ్గట్టు ఆ పాత ఓడను బాగుచేయాలంటే తలకు మించిన ఖర్చు. 2009 చివర్లో దాని ప్రయాణం ఆగింది. ఇప్పుడది ఇండోనేషియాలోని బింతాన్ దీవిలో, గట్టు మీద హోటల్. లోగోస్ హోప్ అనే మరో ఓడ ఆ పుస్తకాల పని సాగిస్తోంది. దానిలోనూ ఎవరికీ జీతం లేదు.