పేడను తూచిన రసాయనవేత్త

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, రసాయనశాస్త్రం చదువుకుని వ్యవసాయం వైపు చూస్తున్న విద్యార్థులకు నమస్కారం. నన్ను పరిచయం చేసినవారు చెప్పిన మంచి మాటల్లో సగం కొట్టేసినా, మిగిలిన సగం నాకు ఎక్కువే. నాకిచ్చిన అంశం ‘నేల పోషకాలు, ఆధునిక దృక్పథం’. ఆధునికం దాకా వస్తానని మాటివ్వలేను. పంతొమ్మిదో శతాబ్దంలో ఒకాయన దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఆయన పేరు జాన్ బాప్తిస్త్ బూసాంగో. 1802లో పారిస్‌లో పుట్టి, 1887లో అక్కడే పోయారు. ఎనభై అయిదేళ్ల జీవితం. నేను ఏళ్ల తరబడి పాఠం చెప్పిన పుస్తకంలో ఆయనకు దక్కింది ఒక్క వాక్యం: మొక్కలు గాలిలోని నత్రజనిని తీసుకోవని నిరూపించబోయి పొరబడ్డ రసాయనవేత్త అని. ఆ ఒక్క వాక్యం మీద నాకున్న కోపమే ఈ ప్రసంగం.

చిన్నతనం దాటేస్తాను. ఇరవయ్యో ఏట, 1822లో, గనుల చదువు పట్టుకుని దక్షిణ అమెరికా వెళ్లారు. అక్కడి స్వాతంత్ర్య పోరాట నాయకుడు బొలీవర్ సైన్యంలో కల్నల్ కింది హోదాలో ఉన్నారు. 1831లో చింబొరాజో కొండ మీద ఆరు వేల మీటర్ల ఎత్తు దాకా ఎక్కారు. ఇవన్నీ చెప్పడానికి ఇంపుగా ఉంటాయి. నాకు నచ్చింది మరొకటి. కొన్ని ఊళ్లలో జనానికి గొంతు వాపు ఉంది, కొన్ని ఊళ్లలో లేదు. వాపు లేని చోట వాడే ఉప్పును పరీక్షిస్తే అందులో అయోడిన్ ఉంది. అందరికీ ఆ ఉప్పే ఇవ్వండని అప్పుడే చెప్పారు. స్విట్జర్లాండ్ అయోడిన్ ఉప్పు మొదలుపెట్టింది 1922లో. దాదాపు వందేళ్లు!

సరే, పొలానికి వద్దాం. తిరిగొచ్చాక 1835లో అడెల్ లెబెల్‌ను పెళ్లాడారు. ఆమె పుట్టింటివారికి ఫ్రాన్స్ తూర్పు అంచున అల్సాస్‌లోని బెషెల్‌బ్రాన్‌లో భూమి ఉంది, పక్కనే తారు గని ఉంది. గనిలో తీసిన తారును విడదీసి అందులోని ఒక భాగానికి అస్ఫాల్టీన్ అని పేరు పెట్టింది కూడా ఈయనే. చమురు రసాయనంలో ఆ పేరు ఇంకా వాడుతున్నారు. అయితే ఆయన మనసు పడింది గని మీద కాదు, పొలం మీద. ప్రయోగశాలలోని త్రాసును పట్టుకెళ్లి పశువుల కొట్టంలో పెట్టారు.

అంతకుముందు ఎరువు మంచిదా కాదా అన్నది చూపుతో, వాసనతో తేల్చేవారు. ఈయన దాన్ని షాపు జమాఖర్చులా రాశారు. అయిదేళ్ల పంట మార్పిడి: దుంపలు, గోధుమ, క్లోవర్ అనే చిక్కుడు జాతి పశుగ్రాసం, మళ్లీ గోధుమ, దాని వెనక టర్నిప్, చివర ఓట్స్. పొలానికి వెళ్లిన పశువుల ఎరువులో కర్బనం ఎంత, హైడ్రోజన్ ఎంత, ఆక్సిజన్ ఎంత, నత్రజని ఎంత, బూడిద ఎంత? ఇంటికొచ్చిన పంటలో అవి ఎంతెంత? హెక్టారుకు ఎరువుతో వెళ్లిన నత్రజని సుమారు 200 కిలోలు. పంటతో తిరిగొచ్చింది సుమారు 250. ఆ పైచిలుకు ఎక్కడిది? ఏ పంట లేని మార్పిడిలో అది కనిపించదో కూడా ఆయన చూశారు. క్లోవర్ ఉన్నచోటే లెక్క మిగులుతోంది.

ఇక్కడ ఆవు సంగతి చెప్పకుండా వెళ్లలేను, నన్ను మన్నించాలి. జంతువులు గాలిలోంచి నత్రజని తీసుకుంటాయా అన్నది 1839లో ఆయన ప్రశ్న. పాడి ఆవుకు లెక్కగా మేత పెట్టి, తాగిన నీళ్లు కొలిచి, పాలు, పేడ, మూత్రం అన్నీ తూచి విశ్లేషించారు. తర్వాత గుర్రం. గాలి నుంచి రాలేదని తేలింది. అదే ఏడాది ఫ్రాన్స్ సైన్స్ అకాడమీ సభ్యుడయ్యారు. అకాడమీ సభ్యుడు కొట్టంలో ఆవు తోక వెనక పాత్ర పట్టుకుని నిలబడ్డాడని ఎవరైనా చెబితే మీరు నమ్ముతారా? నమ్మండి.

ఇప్పుడు అసలు గొడవ. పొలంలో చూసింది కుండీలో తేల్చాలని, కాల్చిన నేలలో క్లోవర్, బఠాణీ వేస్తే నత్రజని పెరిగింది. గోధుమ, ఓట్స్ వేస్తే పెరగలేదు. ఇది 1838 నాటి మాట. 1850ల్లో ఇంకా జాగ్రత్తగా, మూసిన పాత్రల్లో, కాల్చిన మట్టిలో అదే ప్రయోగం చేశారు. ఈసారి ఏ మొక్కలోనూ నత్రజని పెరగలేదు! గాలి నత్రజని మొక్కకు పనికిరాదని తీర్మానించారు. ఇంగ్లండులో రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లూ అంతే శ్రద్ధగా చేసి అదే ఫలితం చూశారు. పాఠ్యపుస్తకానికి దొరికిన వాక్యం ఇదే.

విద్యార్థులారా, ఆలోచించండి. శుభ్రత పెరిగిన కొద్దీ జవాబు ఎందుకు మారింది? మట్టిని కాల్చినప్పుడు అందులోని సూక్ష్మజీవులు చచ్చాయి. తొలి కుండీలు గాలికి తెరిచి ఉన్నాయి, దుమ్ముతో పాటు బాక్టీరియా వచ్చి పడింది. రెండోసారి మూత బిగించారు, అదీ రాలేదు. బఠాణీ వేరు మీది బుడిపెల్లో ఉన్న బాక్టీరియా గాలి నత్రజనిని మొక్కకు అందిస్తుందని జర్మన్ శాస్త్రవేత్త హెల్‌రీగెల్ బెర్లిన్‌లో ప్రకటించింది 1886 సెప్టెంబరులో. సహచరుడు విల్‌ఫార్ట్‌తో కలిసి పూర్తిగా రాసింది 1888లో. మన బూసాంగో 1887 మే 11న పోయారు. ప్రకటన ఆయన చెవిన పడిందా అన్నది నేను చెప్పలేను గానీ, ఆయన పొలం లెక్క మాత్రం అర్ధశతాబ్దం ముందే తప్పు లేకుండా ఉంది. ఆ 50 కిలోల మిగులు పొలం చెప్పింది, కుండీ కాదంది. పుస్తకం కుండీని పట్టుకుని పొలాన్ని వదిలేసింది. ఇది న్యాయమా?

అదే కాలపు జర్మన్ రసాయనవేత్త లీబిగ్ పేరు అందరికీ తెలుసు. నత్రజని వానలోని అమ్మోనియాతో చాలినంత వస్తుందన్నాడు. ఆయన అమ్మకానికి పెట్టిన ఎరువు నీట కరగక, పైరుకు అందక విఫలమైంది. అది పుస్తకాల్లో ఫుట్‌నోటు. పొలం దున్నినవాడి తప్పు మాత్రం శీర్షిక! సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

పౌరుడిగానూ బూసాంగో ఊరుకోలేదు. 1848లో జాతీయ సభకు ఎన్నికై మితవాద రిపబ్లికన్ల వైపు కూర్చున్నారు. 1851లో రాజకీయ అభిప్రాయాల కారణంగా ఆచార్య పదవి నుంచి తీసేశారు. తోటి ఆచార్యులు మూకుమ్మడిగా రాజీనామా చేస్తామనడంతో మళ్లీ తీసుకున్నారు. ఇరవై ఏళ్లకు, 1871లో, ఆయన పొలం ఉన్న అల్సాస్ జర్మనీ చేతికి పోయింది. పాలకులు మారారు, ప్రయోగాలు ఆగలేదు. 1878లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఆధునిక దృక్పథానికి వేళ లేకపోయింది, అందుకు నిర్వాహకులు నన్ను కోప్పడొచ్చు. పాఠ్యపుస్తకాలు రాసే మిత్రులు ముందు వరసలో ఇద్దరు కనిపిస్తున్నారు. వారికి ఒక్క విన్నపం: వచ్చే ముద్రణలో ఆ వాక్యానికి ముందు 1838 ఫలితాన్ని, తరువాత 1886 ప్రకటనను చేర్చండి. రెండు లైన్లు ఎక్కువవుతాయి, అంతే. లీబిగ్ అభిమానులు ఎవరైనా ఉంటే, సభ అయ్యాక బయట మాట్లాడుకుందాం.