మెట్రో పార్కింగ్, రెండు హెల్మెట్లు, ఒక ఫ్రీ లాక్: నెల రోజులు వాడాక

నమస్తే అందరికీ. ముందే చెప్పేస్తున్నా, ఈ హెల్మెట్ లాక్ కంపెనీవాళ్ళు ఫ్రీగా పంపారు. డబ్బులివ్వలేదు. కంపెనీ పేరు చెప్పను, ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. కేబుల్ పొడవెంత, బరువెంత అన్నీ ఇప్పటికే ఎక్కడో చూసుంటారు. నాక్కావాల్సింది ఒకటే: పొద్దున బండి స్టేషన్ పార్కింగ్‌లో పెట్టేసి, చేతులూపుకుంటూ రైలెక్కగలనా?

మేం ఉండేది బెంగళూరులో, వైట్‌ఫీల్డ్ వైపు. నేనూ మా ఆవిడా ఒకే స్కూటర్ మీద స్టేషన్‌కొచ్చి పర్పుల్ లైన్ మెట్రో ఎక్కుతాం. ఆమె ఇందిరానగర్‌లో దిగుతుంది, నేను ఎంజీ రోడ్‌లో. కర్ణాటకలో 2016 జనవరి నుంచి వెనక కూర్చున్నవాళ్ళకీ హెల్మెట్ తప్పనిసరి కదా. డిక్కీలో ఒకటి పట్టడమే గగనం. మరి రెండోది?

2023లో అయితే నరకమే. మార్చిలో వైట్‌ఫీల్డ్ నుంచి కేఆర్ పురం దాకా రైలొచ్చింది గానీ, అక్కణ్ణుంచి బయ్యప్పనహళ్ళికి రెండు కిలోమీటర్ల ముక్క అక్టోబర్ దాకా తెరవలేదు. రైలు దిగు, ఫీడర్ బస్సెక్కు, మళ్ళీ రైలెక్కు. అన్నిచోట్లా చంకలో హెల్మెట్. స్కానర్‌లో బ్యాగు వెనకాల అదీ దొర్లుకుంటూ రావాల్సిందే. రద్దీలో ఎవరి వీపుకో తగలడం, "సారీ గురు" అనడం.

విసిగిపోయి ఓసారి, ఒక స్టేషన్ బయట ప్రైవేట్ స్టాండులో, పట్టీని సీటు కింద కొక్కేనికి తగిలించి వెళ్ళా. సాయంత్రం వచ్చి చూస్తే కొక్కేనికి జానెడు పట్టీ ముక్క వేలాడుతోంది. బ్లేడుతో నున్నగా కోశారు. స్టాండు కుర్రాడు రసీదు తిప్పి వెనక వైపు చూపించి, "హెల్మెట్‌గె నావు జవాబ్దారి అల్ల సార్" అన్నాడు, అంటే హెల్మెట్‌కి మా బాధ్యత లేదని. ఇక మాట్లాడేదేముంది!

హెల్మెట్ పోకుండా కాపాడే పని మాత్రం ఈ లాక్ బాగా చేస్తుంది. పట్టీతో పన్లేదు, ఉక్కు కేబుల్‌ని ముందు గడ్డం దగ్గరుండే కమ్మీ కిందుగా దూర్చి బండికి బిగించడమే. రెండు హెల్మెట్లూ పడతాయి. నెల రోజులైంది, రెండూ ఉన్నాయి.

కానీ ఇది అంకెలు తిప్పి తీసే నంబర్ లాక్. ఈ అంకెలేంటయ్యా! నల్ల చక్రాల మీద నల్లంకెలు. రాత్రి ఎనిమిదిన్నరకి, పార్కింగ్‌లో ఒక్క ట్యూబ్‌లైటు, ఫోన్ నోట్లో కరుచుకుని టార్చి వేస్తూ మూడుకీ ఎనిమిదికీ తేడా వెతుకుతున్నా. వెనక నాలుగు బండ్లు హారన్లు. మా ఆవిడ "మెట్రోలో మిగిల్చిన టైమంతా ఇక్కడే పోతోంది" అంది. నిజమే కదా! 2025 ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ టికెట్ 60 నుంచి 90కి పెరిగింది, పైన పార్కింగ్ ఖర్చు. అయినా వస్తున్నామంటే టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కోలేకే.

చివరికి నేనే ఓ ఉపాయం చేశా. అంకెలు లోపలికి చెక్కి ఉన్నాయి కాబట్టి, తెల్ల నెయిల్ పాలిష్ పూసి, ఆరకముందే గుడ్డతో తుడిచా. గాడిలో మాత్రం తెలుపు మిగిలింది. ఇప్పుడు టార్చి లేకుండానే తీస్తున్నా.

మార్కులా? లాక్‌కి పదికి నాలుగు. పార్కింగ్‌కి ఆరు. హెల్మెట్లకి ఓ అరల స్టాండు పెట్టి, ఇంకో రెండు లైట్లేస్తే తొమ్మిదిస్తా. నెయిల్ పాలిష్‌కి మాత్రం పదికి పది. సీసా ఖాళీ అయిందని మా ఆవిడకింకా తెలీదు. ఈ వీడియో చూసేదాకా.