ఆధార్ ఉండగా పౌరుల కార్డు ఎందుకు?

అందరికీ నమస్కారం.

"జేబులో ఆధార్ ఉంది కదండీ, ఈ దేశం వాడినని వేరే రుజువు ఎందుకు?" అని చాలామంది అడుగుతుంటారు. 2016 ఆధార్ చట్టంలో 9వ సెక్షన్ తీసి చూడండి. ఆధార్ ఉన్నంత మాత్రాన పౌరసత్వం రుజువైనట్టు కాదని సూటిగా ఉంది. ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉంటే విదేశీయులకు కూడా ఆధార్ ఇస్తారు. అంటే అది నివాసికి ఇచ్చే నంబరు.

పౌరులకు వేరే కార్డు అనే ఆలోచన ఆధార్ కంటే పాతది. 2003లో పౌరసత్వ చట్టాన్ని సవరించి 14ఏ సెక్షన్ చేర్చారు. ప్రతి పౌరుడి పేరూ నమోదు చేసి జాతీయ గుర్తింపు కార్డు ఇవ్వవచ్చని అందులో ఉంది. దేశమంతటా ఆ కార్డు ఇంకా రాలేదు. రావాలనేవాళ్లు గట్టిగానే ఉన్నారు, వాళ్ల వాదనను నేను కొట్టిపారేయను. తన పౌరులెవరో ప్రభుత్వం లెక్క పెట్టుకోవాలనుకోవడం తప్పేమీ కాదు.

కానీ ఒక్కసారి రేషన్ షాపు దగ్గర నిలబడి చూడండి. మిరప కోతలకు వెళ్లే పెద్దావిడ ఈపాస్ మిషన్ మీద వేలు పెడుతుంది. ముద్ర పడదు. "పెద్దమ్మా, కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టు" అంటాడు డీలర్. బొటనవేలు, చూపుడువేలు, ఎడమ చెయ్యి... ఏదీ పడదు. ఓటీపీ చూద్దామంటే ఫోన్ కొడుకు దగ్గర, కొడుకేమో హైదరాబాద్‌లో. వెనక లైను గొణుగుతుంటుంది. ఇలాంటప్పుడు వివరాలు రిజిస్టర్‌లో రాసుకుని బియ్యం ఇవ్వాలని 2017 అక్టోబరులోనే కేంద్ర ఆహార శాఖ ఆదేశించింది. ఆ సంగతి పెద్దావిడకు ఎవరు చెప్పాలి? "రేపు రా" అనడమే డీలర్‌కు తేలిక.

ఇక్కడ పోయేది ఒక నెల బియ్యం. అదీ చిన్న సంగతేం కాదు. పౌరుల జాబితాలో పేరు లేకపోతే ఏమవుతుందో అస్సాం చూసింది. 2019 ఆగస్టు 31న ప్రకటించిన అక్కడి జాతీయ పౌర పట్టికలో, అదే ఎన్ఆర్‌సీలో, 19 లక్షల మందికి పైగా చోటు దక్కలేదు. కాగితంలో పేరు ఒకలా, ఓటర్ల జాబితాలో ఇంకోలా ఉన్నవాళ్ల గోడు అప్పుడు చాలానే విన్నాం. మన ఊళ్లలో మాత్రం? ఇంటిపేరు ముందో వెనకో, సుబ్బమ్మో సుబ్బాయమ్మో, పుట్టిన తేదీ బడిలో మాస్టారు వేసిందో కాదో!

అందుకే కార్డు తేవాలనుకుంటే, తిరస్కరణకు సంబంధించిన నియమాలు ముందు రాయమంటాను. ఎందుకు కాదన్నారో తెలుగులో, రాతపూర్వకంగా ఇవ్వాలి. అప్పీలు మండల కేంద్రంలోనే వినాలి. అది తేలేదాకా ఓటు, రేషన్, పెన్షన్ ఏదీ ఆపకూడదు. ఈ మూడూ చట్టంలోనే ఉండాలి. సర్క్యులర్‌లో పెడితే రేషన్ షాపులో ఆ రిజిస్టర్‌కు పట్టిన గతే పడుతుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.