ఒక్కపొద్దు ఎంతవరకు?

(తెరపై: సిరియాలో ఒక గుట్ట మీద శిథిలమైన చర్చి. మధ్యలో అరిగిపోయిన బండరాయి.)

ఈ బండరాయి ఒకప్పుడు ఎత్తైన స్తంభం. అలెప్పో దగ్గర, దీని మీద సిమియోను అనే క్రైస్తవ సన్యాసి దాదాపు 37 ఏళ్లు ఉన్నాడు. ఎండైనా వానైనా అక్కడే. 459లో ప్రాణం పోయింది కూడా అక్కడే.

ఆయన్ని కళ్లారా చూసిన బిషప్పు థియోడొరెట్ ఒక సంగతి రాశాడు. సిమియోను ప్రార్థన చేస్తూ నుదురు కాలివేళ్ల దాకా వంచి, మళ్లీ లేచేవాడట. బిషప్పు వెంట వచ్చినవాళ్లలో ఒకరు లెక్కపెట్టడం మొదలుపెట్టి, 1244 దాకా వచ్చాక అలిసిపోయి వదిలేశారు. పైనున్నాయన మాత్రం ఆపలేదు. వారానికి ఒక్కసారే తింటాడు కాబట్టి నడుం అంత తేలిగ్గా వంగుతోందనీ ఆ బిషప్పే రాశాడు.

ఇంతకీ అంత పైకి ఎందుకెక్కాడు? జనం ఆయన బట్ట తాకితే చాలని మీద పడేవాళ్లు. వాళ్లకి అందకుండా ఉండటానికి.

ఇది భక్తా, పంతమా? ఈ అనుమానం అప్పటి ఎడారి మునులకే వచ్చిందని ఒక కథ ఉంది. వాళ్లు మనిషిని పంపారు: "దిగిరమ్మనండి. దిగనంటే బలవంతంగా లాగేయండి. దిగడానికి ఒప్పుకుంటే మాత్రం అక్కడే ఉండనివ్వండి." కబురు వినగానే సిమియోను కాలు కిందికి పెట్టబోయాడు. ఇక చాలు, ఉండిపొమ్మన్నారు. నాకైతే ఆ స్తంభం ఎత్తు కన్నా, దిగబోయిన ఆ కాలే పెద్ద విషయం.

(తెరపై: లాహోర్ మ్యూజియంలోని ఉపవాస బుద్ధుడు.)

ఈ గాంధార శిల్పం చూడండి. పక్కటెముకల మీద నరాలు కూడా చెక్కారు. పొట్ట చర్మం పట్టుకుంటే వెన్నెముక చేతికి తగిలేదని పాళీ సుత్తాల్లో బుద్ధుడే చెబుతాడు. ఇక్కడ ఆపమన్నవాళ్లు ఎవరూ లేరు. చిన్నప్పుడు నేరేడు చెట్టు నీడలో కూర్చుంటే కలిగిన ప్రశాంతత ఆయనకే గుర్తొచ్చింది. అన్నం ముట్టాడు. వెంట ఉన్న ఐదుగురూ ఈయన దారి తప్పాడనుకుని వదిలేసి వెళ్లిపోయారు.

జైన దిగంబర మునులది ఇంకో కట్టుబాటు. నాలుగు నెలలు మించకుండా తల, గడ్డం వెంట్రుకలు చేత్తోనే పీక్కోవాలి. పట్టు జారకుండా బూడిద రాసుకుంటారు. భోజనం రోజుకి ఒక్కసారే, అదీ నిలబడి, దోసిట్లో. దోసిట్లో ఒక్క వెంట్రుక కనబడినా అంతరాయమే. చేతులు వదిలేస్తారు, ఆ రోజుకి ఇక తిండి లేదు.

మన ఊళ్లలో ఇంత కఠినం ఉండదు. ఏకాదశికి అమ్మమ్మ "ఇవాళ ఒక్కపొద్దు" అంటుంది. రంజాన్ రోజాల్నీ చాలా పల్లెల్లో ఒక్కపొద్దులనే అంటారు. తెలుగు కథోలికులు ఈస్టర్ ముందు వచ్చే ఉపవాసాల కాలాన్ని, అంటే తపస్కాలాన్ని, విభూది బుధవారంతో మొదలుపెడతారు. విభూది, తపస్సు: మాటలు చూడండి, ఎంత దగ్గరివో!

ఇక చివరిగా, నాకు బాగా ఇష్టమైన సంగతి. ముహమ్మద్ ప్రవక్త అనుచరుల్లో అబ్దుల్లా ఇబ్న్ అమ్ర్ అని ఒక యువకుడు. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు. ప్రవక్త పిలిచి, "నీ శరీరానికి నీ మీద హక్కుంది, నీ కళ్లకి ఉంది, నీ భార్యకి ఉంది. నెలకి మూడు రోజులు చాలు" అన్నారు. "నాకు ఇంకా శక్తి ఉంది" అన్నాడు అబ్దుల్లా. కొంచెం పెంచారు. "ఇంకా చేయగలను." చివరికి రోజు విడిచి రోజు, దావూద్ ప్రవక్త ఉపవాసం, దాన్ని మించింది లేదని అక్కడ గీత గీశారు.

ఆ అబ్దుల్లా ముసలివాడయ్యాడు. పట్టిన నియమం వదలడానికి మనసు ఒప్పుకోలేదు. ఒంట్లో ఓపిక లేనప్పుడు వరసగా కొన్నాళ్లు తినేవాడు, ఆ రోజులు లెక్కపెట్టుకుని తర్వాత అన్ని ఉపవాసాలూ తీర్చేవాడు. "ప్రవక్త ఇచ్చిన సడలింపు ఆనాడే తీసుకుని ఉంటే ఎంత బాగుండేది" అనేవాడట.