దిగుడు పోయేటప్పుడు, ఎక్కుడు వచ్చేటప్పుడు

శ్రోతలకు నమస్కారం.

వానాకాలం సగానికి వచ్చిందంటే వార్తల్లో రెండు అంకెలు రోజూ వినబడతాయి. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఇవాళ ఎంతుంది, నిన్న ఎంతుంది, గేట్లు ఎత్తారా లేదా. పాలమూరువాణ్ని కాబట్టి చిన్నప్పటి నుంచి చెవి అటే పోతుంది. కానీ ఆ 885 అడుగులు మా ఇంటి గడపకు ఎంత కింద ఉంటాయో నాకు తెలిసింది 46 ఏళ్ల వయసులో, సోమశిల రోడ్డు మీద, సైకిల్ తొక్కుతూ. తొక్కుతూ అంటే అబద్ధమవుతుంది. తోసుకుంటూ.

సంక్రాంతి పోయిన వారం అది. గేర్ల సైకిల్ కొని మూడు నెలలైంది. నేనూ మరో ఇద్దరు మిత్రులూ సైకిళ్లను బండి మీద వేసుకుని కొల్లాపూర్ దాకా పోయి, అక్కణ్నించి సోమశిలకు తొక్కుకుంటూ బయల్దేరాం. కొల్లాపూర్ అంటే మామిడి తోటలు. ఆ రోజుల్లో చెట్లన్నీ పూత మీద ఉంటాయి. కారులో పోతే ఆ వాసన తెలియదు, అద్దాలు దించినా ఒక్క క్షణమే. సైకిల్ మీద ఒక తోట దాటేసరికి వాసన గొంతులోకి దిగుతుంది. ఆఖరి కిలోమీటర్లలో రోడ్డు కిందికి జారుతుంది, ముందు కొండల మధ్య శ్రీశైలం వెనక జలాలు పరుచుకుని కనిపిస్తాయి. మేం తొక్కడం మానేశాం. సైకిళ్లే పోతున్నాయి. మాలో ఒకాయన పాట కూడా అందుకున్నాడు.

ఒడ్డున చేపల వేపుడు తిన్నాం. కాస్త ఎక్కువే తిన్నాం. వెనక్కి తిరిగి పది నిమిషాలు కూడా కాలేదు, పాట పాడినాయన దిగిపోయాడు. తర్వాత నేను. మధ్యాహ్నం ఎండ, కడుపు నిండా చేప, ఎదురుగా రోడ్డు లేచి నిలబడ్డట్టు ఉంది. చివరకు చేపల ట్రేలు వేసుకుని పోతున్న ట్రాలీ ఆటో ఒకటి ఆగింది. ట్రేల పక్కన సైకిళ్లు, సైకిళ్ల మీద మేము. ఐసు కరిగిన నీళ్లు ప్యాంటు మీదకు కారుతున్నా ఎవ్వరం మాట్లాడలేదు. ఇంట్లో ఆ ప్యాంటును రెండుసార్లు ఉతకాల్సి వచ్చింది.

ఆ రాత్రి కాళ్లు లాగుతుంటే లెక్క వేసుకున్నాను. 885 అడుగులంటే దాదాపు 270 మీటర్లు. మహబూబ్‌నగర్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే నిండుగా ఉన్న శ్రీశైలం జలాశయం కూడా మా ఊరికి 230 మీటర్ల కింద ఉంటుంది. కృష్ణమ్మ మా పక్కనుంచే పోతుంది, మా పొలాలు మాత్రం వాన కోసం ఆకాశం వైపు చూస్తాయి అని పెద్దలు అంటుంటే అదేదో రాజకీయం మాట అనుకునేవాణ్ని. రాజకీయం ఉంటే ఉండవచ్చు. దాని కింద మాత్రం ఈ ఎత్తు ఉంది. అందుకే ఎల్లూరు దగ్గర పంపులు పెట్టి, మళ్లీ జొన్నలబొగుడ దగ్గర, మళ్లీ గుడిపల్లిగట్టు దగ్గర, మూడు మెట్లుగా నీళ్లు పైకెత్తుతున్నారు. అదే కల్వకుర్తి ఎత్తిపోతల పథకం. నల్లగొండ వైపు సాగర్ నీళ్లను పుట్టంగండి దగ్గర పైకెత్తి అక్కంపల్లి జలాశయంలో పోస్తున్నారు.

ఎత్తడం అంటే ఎంత పనో రెండు లెక్కలు చెబుతాను. నేనూ నా సైకిలూ కలిపి 85 కిలోలు. 100 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే నా ఒంటికి ఒక అరటిపండంత తిండి ఖర్చవుతుంది. అంతే. ఇప్పుడు నీళ్ల సంగతి. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు, 2,800 కోట్ల లీటర్ల పైమాట. దాన్ని అదే 100 మీటర్లు ఎత్తాలంటే పంపుల్లో పోయే నష్టం కలపకుండానే 77 లక్షల యూనిట్ల కరెంటు కావాలి. పేపర్లో ఎన్నోసార్లు చదివిన సంగతే. తొడలు మండిన తర్వాత చదివితే వేరేగా ఉంటుంది.

కాబట్టి కొత్తగా సైకిల్ మీద బయల్దేరే మన ప్రాంతం వాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. కృష్ణ వైపు పోయే ఏ రోడ్డైనా పోయేటప్పుడు మెచ్చుకుంటుంది, వచ్చేటప్పుడు లెక్క అడుగుతుంది. సగం ఓపిక అయిపోయాక వెనక్కి తిరుగుదాం అనుకోవద్దు. మూడో వంతు అయిపోగానే తిరగండి. వానాకాలంలో ఇంకో సంగతి ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి పడమటి నుంచి కొడుతుంది. పొద్దున తూర్పుకు ఎగిరిపోయినవాడు మధ్యాహ్నం ఎదురుగాలిలో తల వంచుకుని రావాలి. ఎత్తు కనిపిస్తుంది కాబట్టి మనసు సిద్ధపడుతుంది. గాలి కనిపించదు, అందుకే దాని మీద కోపం ఎక్కువ వస్తుంది.

మా తరం వాళ్లందరం సైకిల్ నేర్చుకున్నది కిరాయి సైకిళ్ల మీదే. సీటు అందక, ఫ్రేము సందులోంచి కాలు దూర్చి కైంచీ తొక్కేవాళ్లం. ఆ పాత నల్ల సైకిల్‌కు ముందు చైన్‌వీల్ పెద్దది, వెనక ఫ్రీవీల్ చిన్నది. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. చదునుకు అది బాగుంటుంది. గుట్ట వస్తే దిగి నడవడమే, అందులో నామోషీ ఏమీ లేదు. ఇప్పుడు నా సైకిల్‌కు ముందు చిన్న చక్రానికి 34 పళ్లు, వెనక పెద్ద చక్రానికి 34 పళ్లు. అంటే ఒక చుట్టు తొక్కితే ఒకే చుట్టు. ఎక్కే ఎత్తు అదే, బరువు అదే, దాన్ని చిన్న చిన్న ముద్దలు చేసుకుని తింటాం. గేర్లంటే సోమరితనం అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు. టూర్ ద ఫ్రాన్స్ పోటీలో తొక్కుతూనే గేరు మార్చే ఏర్పాటును 1937 దాకా ఒప్పుకోలేదు. ఆల్ప్స్ కొండల కింద ఆగి, వెనక చక్రం విప్పి తిప్పి పెట్టుకుని ఎక్కేవాళ్లట ఆ మహానుభావులు. మనకు ఆ గొడవ లేదు. గుర్తుంచుకోవాల్సింది ఒకటే, ఎక్కుడు మొదలయ్యాక కాదు, మొదలవక ముందే గేరు తగ్గించాలి. చైన్ మీద బరువు పడ్డాక మారిస్తే కటకటమని అరుస్తుంది, ఒక్కోసారి ఊడి కూర్చుంటుంది.

నల్లగొండ వైపు రోడ్ల తీరు వేరు. పెద్ద కొండలుండవు, అలల్లా ఉంటాయి. దిగుతాం, వాగు. ఎక్కుతాం, గడ్డ. మళ్లీ దిగుతాం, చెరువు. ఇది ఊరికే అట్లా లేదు. పైచెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువులోకి పోయేటట్టు మన పాతకాలం వాళ్లు గొలుసుకట్టుగా కట్టారు. సైకిల్ మీద ఆ గొలుసు ఒక్కో లంకెగా కాళ్లకు తగులుతుంది. నల్లగొండ పక్కన పానగల్ ఉదయ సముద్రం కట్ట మీద పొద్దున ఆరింటికి తొక్కి చూడండి. ఒక పక్క నీళ్లు, ఒక పక్క కిందుగా వరి మళ్లు, అల్లంత దూరంలో ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడిలో రోజంతా కదలకుండా ఉండే నీడ చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నాకైతే ఆ కట్ట మీద నా నీడ, సైకిల్ నీడ కలిసి వరి మడి మీద పరుగెత్తడమే చాలు. ఒక్క జాగ్రత్త, మత్తడి నీళ్లు రోడ్డు మీద నుంచి పారే చోట పాచి ఉంటుంది. అక్కడ హ్యాండిల్ తిప్పొద్దు, బ్రేకు నొక్కొద్దు. అనుమానం ఉంటే దిగి నడవండి. నీటి లోతు చక్రం సగానికి వచ్చేటట్టుంటే అసలు దాటనే వద్దు.

ఇక నిజమైన ఎక్కుడు చూడాలంటే మా మన్యంకొండ. ఉలి ముట్టని స్వామి, చెక్కని పాదం, తవ్వని కోనేరు అని చెప్పుకునే పేదల తిరుపతి. దేవరకద్ర రోడ్డు మీద పోతుంటే గుండ్లు పేర్చినట్టుండే కొండ, దాని మీదికి ఘాట్ రోడ్డు. దూరం ఎక్కువేం లేదు. మొదటి మలుపుకే ఊపిరి శబ్దం తప్ప ఇంకేం వినబడదు. రెండో మలుపుకు నేను గంటకు ఆరు కిలోమీటర్ల వేగానికి వస్తాను. ఆ వేగంలో ఏం జరుగుతుందో ఎప్పుడైనా గమనించారా? చెవి మీద ఈగ వాలుతుంది. మామూలుగా సైకిల్ మీద పోయేవాడి మీద ఈగ వాలదు. ముక్కు కొసన చెమట చుక్క తయారై, ఊగి, ఫ్రేము మీద టప్పున పడుతుంది. రోడ్డు దాటుతున్న గండుచీమల బారు కనిపిస్తుంది, తప్పించే ఓపిక ఉంటే తప్పిస్తాం. ముందు చక్రం తాగినవాడి కాలులా అటూ ఇటూ తూలుతుంది. లేచి నిలబడి తొక్కాలనిపిస్తుంది, కానీ కూర్చునే తొక్కాలి, నిలబడితే రెండు నిమిషాల్లో తొడలు పట్టేస్తాయి. నేను పెడల్ లెక్కపెడతాను. 20 దాకా, మళ్లీ ఒకటి నుంచి. ఒకసారి మెట్ల దారి దగ్గర కూర్చున్న ముసలమ్మ నన్ను చూసి, "బస్సుకు పైసల్లేవా బిడ్డా?" అని అడిగింది. అవ్వా, సరదాకు తొక్కుతున్నా అని చెప్పడానికి ఊపిరి లేదు. ఆమె జాలిగానే చూసింది.

దిగేటప్పుడు మాత్రం తొందర వద్దు. మలుపులో కాదు, మలుపుకు ముందే బ్రేకు వేయాలి. ఆసాంతం నొక్కి పట్టుకుంటే బ్రేకు రబ్బర్లు, రిమ్ములు వేడెక్కుతాయి. నొక్కి, వదిలి, మళ్లీ నొక్కాలి. నేనొకసారి దుకాణంలో సర్వీసింగ్ చేయించి, కొత్త రబ్బర్లే వేశారని నమ్మి, చూసుకోకుండా దిగాను. పాతవే ఉన్నాయి, అరిగిపోయినవి. చెప్పు నేలకు రాసుకుంటూ ఆపుకున్నాను, చెప్పు అడుగు కరిగింది. అప్పటి నుంచి ఎవరు చేసినా, బయల్దేరే ముందు నా వేలితో నేను తడిమి చూసుకుంటాను.

శ్రీశైలం రోడ్డు సంగతి అడుగుతారు చాలామంది. మన్ననూరు, ఫరహాబాద్, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట. పేర్లు వింటేనే అడవి వాసన వస్తుంది. ఈగలపెంట దాటాక ఆనకట్ట దాకా మలుపుల మీద మలుపులు దిగి, ఆవల మళ్లీ ఎక్కాలి. అందమైన దారే. కానీ అది 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అమ్రాబాద్ పులుల అభయారణ్యం మధ్య దారి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అటవీ శాఖ గేట్లు మూసేస్తారు. ఒక్కరే పోవద్దు, పొద్దు వాలకముందే అడవి దాటండి, కోతులకు ఏమీ వేయొద్దు. అంతకంటే నేను చెప్పను, ఎందుకంటే ఆ దారి మొత్తం ఒకేరోజు తొక్కే సత్తా నాకు లేదు. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేసే బ్రెవే అనే రైడ్లు ఉంటాయి, అట్లాంటివి తొక్కేవాళ్లు మన జిల్లాల మీదుగానే తెల్లవారుజామున లైట్లు పెట్టుకుని పోతుంటారు. వాళ్లది వేరే లోకం.

మా లోకంలో ఇబ్బందులు చిన్నవి. సర్కారు తుమ్మ ముల్లు ఒకటి. అది టైరులో దిగినప్పుడు లాగేయాలనిపిస్తుంది. లాగకండి, గాలి ఎంత మెల్లగా పోతుందో చూసుకుని నీడ ఉన్న చోటికి చేరాక లాగండి. ఒక ట్యూబు, ఒక చిన్న పంపు, ప్యాచీలు, సొల్యూషన్ ఎప్పుడూ వెంట ఉండాలి. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఎండబోస్తారు. రైతుకు కల్లం లేదు, రోడ్డే కల్లం, ఏం చేస్తాడు? పగలు కనిపిస్తుంది. చీకట్లో మాత్రం కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు కనిపించవు. వడ్లు ఎత్తేశాక కూడా కొన్ని రాళ్లు అక్కడే ఉంటాయి. అందుకే అక్టోబరు, నవంబరుల్లో, మళ్లీ ఏప్రిల్‌లో, తెల్లారనిదే నేను గేటు దాటను. హెల్మెట్ లేకుండా ఎప్పుడూ దాటను.

నిరుడు సంక్రాంతి తర్వాత మళ్లీ సోమశిల పోయాను, ఈసారి ఒక్కణ్నే. చేపలు తినలేదు, జొన్న రొట్టె మూట కట్టుకుపోయాను. పొద్దున ఎనిమిదికే తిరుగు దారి పట్టాను. మామిడి పూత అట్లాగే ఉంది. రెండు చోట్ల ఆగి నీళ్లు తాగాను, దిగి నడవలేదు. పైకి ఇంకా కొంచెం ఉందనగా వెనక నుంచి ట్రాలీ ఆటో వచ్చింది, ట్రేల నుంచి నీళ్లు కారుతున్నాయి. నా పక్కకు రాగానే వేగం తగ్గించి, డ్రైవర్ తల బయట పెట్టాడు. "ఎక్కుతవా సార్?"

మాట రాలేదు. తల అడ్డంగా ఊపాను.