పాత కలాల మోజు: ముందు పాళీ చూడండి

అందరికీ నమస్కారం.

పాత ఫౌంటెన్ పెన్నులు పోగుచేసే మోజు గురించి మాట్లాడమని అడిగారు. ఆ మోజు నాకుంది. మీలో చాలామందికి ఉంది, లేకపోతే ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చేవారు కాదు. అందుకే అది మంచిదా చెడ్డదా అన్న చర్చ పక్కన పెట్టి, నేను గట్టిగా నమ్మే మాట ముందే చెప్పేస్తాను. పాత పెన్ను మీద మనసు పడితే దాని పాళీ మీద పడాలి. బ్యారెల్, అంటే పెన్ను ఒంటి, రంగు మీదో, కంపెనీ పేరు మీదో, అమ్మేవాళ్లు చెప్పే కథ మీదో పడితే ఇంట్లో పెన్నులు పెరుగుతాయి కానీ రాత పెరగదు.

అసలు ఈ వస్తువు మనల్ని ఎందుకింత లాగుతుంది? ఒక చిన్న సమస్య చుట్టూ ఎంతమంది బుర్రలు పెట్టారో చూస్తే ముచ్చటేస్తుంది. సిరా చేతికి అంటకుండా పెన్నులోకి వెళ్లాలి. కాగితం మీదికి మాత్రం తగినంతే రావాలి. బయటికి రావడం సంగతి 1884లో లూయిస్ వాటర్‌మన్ పేటెంటుతో ఒక కొలిక్కి వచ్చింది. పాళీ కింద ఉండే ఫీడ్‌లో ఆయన సన్నని గాడి, అందులో ఇంకా సన్నని చీలికలు పెట్టాడు. సిరా కిందికి దిగుతుంటే, దాని చోటులోకి గాలి పైకి వెళుతుంది. ఇన్సూరెన్సు పత్రం మీద సిరా ఒలికి బేరం పోతే ఆ కోపంలో ఆయన కొత్త పెన్ను కనిపెట్టాడని ఒక కథ చెబుతారు. వెతికినవాళ్లకు దానికి ఆధారం దొరకలేదు. ఆ కథ లేకపోయినా ఆ ఫీడ్ గొప్పదే.

లోపలికి నింపడంలో మాత్రం ఎవరి దారి వాళ్లది. కాంక్లిన్ పెన్నుకు పక్కన అర్ధచంద్రాకారపు లోహపు ముక్క ఉంటుంది. దాన్ని నొక్కితే లోపలి రబ్బరు సంచి ముడుచుకుని, వదిలేస్తే సిరా పీల్చుకుంటుంది. ఆ ముక్క అడ్డుండటం వల్ల పెన్ను బల్ల మీంచి దొర్లి పడదని మార్క్ ట్వేన్ మెచ్చుకున్నాడు. వాల్టర్ షీఫర్ 1908లో ఆ సంచిని నొక్కే చిన్న మీటకు పేటెంటు తీసుకున్నాడు. 1929లో పెలికాన్ కంపెనీ సంచిని తీసేసి పిస్టన్ పెట్టింది. 1952లో వచ్చిన షీఫర్ కంపెనీ పెన్ను స్నార్కెల్ అయితే పాళీని సిరాలో ముంచే పనే లేకుండా చేసింది. వెనక తిప్పితే పాళీ కింద నుంచి సన్నని గొట్టం బయటికొస్తుంది, అదొక్కటే సిరాలో మునుగుతుంది.

ఇవన్నీ తెలిశాక ఒకటుంటే రెండోది కావాలనిపిస్తుంది. సహజం. ఒక్కో రకం నింపే పద్ధతి చేత్తో చేసి చూడాలన్న కోరిక నాకు గౌరవనీయంగానే కనిపిస్తుంది.

నాకు భయం వేసేది ఇంకో రకం కోరికను చూసి. పార్కర్ 51 తీసుకోండి. 1941లో మార్కెట్లోకి వచ్చిన ఈ పెన్ను పేరు, కంపెనీ పెట్టిన 51వ ఏడు గుర్తుగా పెట్టినది. రాసేటప్పుడు కూడా పాళీ దాదాపు పూర్తిగా పెన్ను ముందుభాగపు తొడుగు లోపలే ఉంటుంది కాబట్టి కొస త్వరగా ఆరదు. మొదటి రోజుల్లో నలుపు, సెడార్ బ్లూ, కార్డోవన్ బ్రౌన్, డవ్ గ్రే రంగులు వచ్చాయి. ఒకటి కొన్నవాళ్లకు మిగతా మూడూ కళ్ల ముందు తిరుగుతాయి. పైగా ఆ కాలపు పార్కర్ బ్యారెల్ మీద చిన్న అంకె ఉంటుంది, తయారైన సంవత్సరంలో చివరి అంకె అది. పక్కన చుక్కలుంటే అవి ఏ మూడు నెలల్లో చేశారో చెబుతాయి. ఇక అమ్మానాన్నలు పుట్టిన ఏడాది పెన్ను కోసం వెతుకులాట మొదలు! ఆ వెతుకులాటలో ఆనందం ఉంది, కాదనను. కానీ అలా కొన్న నాలుగు రంగుల్లోనూ చాలాసార్లు ఉండేది ఒకేలాంటి మీడియం పాళీ. నాలుగూ ఒకేలా రాస్తాయి.

బ్యారెల్ అందం కూడా నమ్మదగినది కాదు. పాత ఎబొనైటు, అంటే గట్టిపరిచిన రబ్బరు, వెలుతురూ తేమా తగిలితే నలుపు పోయి గోధుమ రంగుకు తిరుగుతుంది. సెల్యులాయిడ్, అంటే పాతకాలపు ప్లాస్టిక్, దాని తళుకు చూసి పడిపోని వాళ్లు తక్కువ, కానీ లేతరంగు సెల్యులాయిడ్ లోపలి రబ్బరు సంచి విడిచే ఆవిర్ల వల్ల నల్లబడుతుంది. పార్కర్ డ్యూఫోల్డ్ 1921లో ఎర్రటి ఎబొనైటుతో వచ్చింది, తర్వాత సెల్యులాయిడ్‌కు మారింది. వాటిలో పసుపు రంగుది పగుళ్లకు పేరుమోసింది. అందుకే అది అంత అరుదు, అంత ఖరీదు. ఖరీదు పగులుకు కట్టాలా, రాతకు కట్టాలా అన్నది కొనేవాళ్లు ఆలోచించుకోవాలి.

ఇక పాళీ. పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దం చాలు. కొసను కంటికి ఎదురుగా పట్టుకోండి. చీలికకు అటూ ఇటూ ఉన్న రెండు రెక్కలూ ఒకే ఎత్తులో ఉన్నాయా? ఒకటి పైకి లేస్తే కాగితాన్ని గీరుతుంది. తర్వాత కొసన ఉన్న పూసను చూడండి. బంగారం మెత్తన, కాగితం మీద అరుగుతుంది. అందుకని ఓస్మియం, ఇరీడియం లాంటి గట్టి లోహాల మిశ్రమాన్ని కొసకు అతికించేవాళ్లు. పాత పెన్నులో ఆ పూస ఒకపక్కకు చదునుగా అరిగి కనిపిస్తే, ఎవరో ఏళ్ల తరబడి ఒకే కోణంలో పట్టి రాశారన్నమాట. మీరు పట్టే కోణం కూడా అదే అయితే అంత మెత్తగా రాసే పాళీ కొత్తది ఎంత పోసినా దొరకదు. కోణం వేరైతే ప్రతి అక్షరం దగ్గరా టెన్షనే. పూస మొత్తం పోయి బంగారమే కాగితానికి తగులుతుంటే వదిలేయండి. కొత్త పూస వేసేవాళ్లు ఉన్నారు కానీ చాలా పెన్నుల విషయంలో ఆ ఖర్చు పెన్ను ధరను దాటిపోతుంది.

వంగే పాళీల కోసం వెతికేవాళ్లు ఎక్కువ. నొక్కితే గీత లావవుతుంది, వదిలితే సన్నబడుతుంది, చూడటానికి కన్నులపండువే. కానీ పాతకాలపు పాళీలన్నీ వంగవు. కార్బన్ పేపరు పెట్టి నకళ్లు తీసేవాళ్ల కోసం బిరుసు పాళీలు ప్రత్యేకంగా చేసేవాళ్లు. వాటిని నొక్కి పరీక్షిస్తే రెక్కలు విడిపోయి మళ్లీ కలవవు. మీది కాని పెన్నును ఎప్పుడూ నొక్కి చూడకండి.

మరమ్మతు గురించి కొద్దిగా. మీట పెన్ను చేతికొస్తే లోపలి సంచి ఎండి పెళుసై ఉంటుందనే అనుకోండి. మీటను బలవంతంగా లాగకండి, విరుగుతుంది. పట్టుకునే భాగాన్ని గోరువెచ్చటి పొడిగాలితో వేడిచేసి మెల్లగా ఊడదీయాలి. సెల్యులాయిడ్ అంటుకునే పదార్థం కాబట్టి మంట దగ్గరికే తీసుకెళ్లకూడదు. ఎబొనైటును నీళ్లలో నానబెట్టకూడదు. పాత రబ్బరు గీకేసి, కొలతకు సరిపడే కొత్త సంచిని లక్కతో చేసిన షెల్లాక్‌తో అతికించాలి. సూపర్ గ్లూ వాడారంటే తర్వాతివాళ్లు దాన్ని ఇంకెప్పుడూ విప్పలేరు. షెల్లాక్ వేడికి మెత్తబడుతుంది. మన తర్వాత కూడా ఈ పెన్నును ఎవరో ఒకరు విప్పాలి కదా.

బల్ల మీద కొన్ని పెన్నులు సిరా నింపి పెట్టాను, పక్కనే కాగితాలున్నాయి. సంతకం చేసి చూడకండి, సంతకంలో చెయ్యి అలవాటు కొద్దీ పరుగెడుతుంది, పాళీ లోపం తెలియదు. అరపేజీ ఏదైనా నెమ్మదిగా రాయండి. మొదట రంగు నచ్చిన పెన్నుతో, తర్వాత మిగతావాటితో రాసి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. స్నార్కెల్‌ను మాత్రం మీరు తిప్పకండి, నన్ను పిలవండి, నేనే నింపి చూపిస్తాను.